మలబార్ వేప పెట్టే ముందు కాగితం అడగండి

వరి, పసుపు, మక్కలతో విసిగిన మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల రైతుకు ఇప్పుడు కొత్త మాట చెబుతున్నారు. మలబార్ వేప పెట్టు, ఏడేళ్లు ఓపిక పట్టు, ప్లైవుడ్ కంపెనీ తోట దగ్గరికే వచ్చి కొంటుంది, ఎకరానికి లక్షలు మిగులుతాయి అని. మొక్కలమ్మేవాళ్ల మాటలో కొంత నిజముంది. ఈ చెట్టు నిటారుగా, తొందరగా పెరుగుతుంది. మొద్దును మిషన్ మీద తిప్పుతూ పలుచని పొరలు తీయడానికి పనికొస్తుంది. ఆ పొరలను అడ్డం, నిలువు పేర్చి జిగురుతో అతికిస్తే ప్లైవుడ్. దుబాయి, సౌదీలలో షట్టరింగ్ పనికి పోయిన మన పిల్లలు మేకులు కొట్టేది ఈ చెక్కకే. చెట్టు గురించి మాకు పేచీ లేదు. ఏడేళ్ల తర్వాతి ధర గురించే మా అనుమానం.

ఆ ధర కోరుట్లలో తేలేది కాదు. ఇండోనేషియా 1985లో మొద్దుల ఎగుమతి ఆపేసి, సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టుకుని ప్రపంచానికి ప్లైవుడ్ అమ్మింది. తర్వాత ఆ స్థానం చైనాకు పోయింది, ఇప్పుడు వియత్నాం పోటీకొచ్చింది. 2014లో బర్మా మొద్దుల ఎగుమతిని నిషేధిస్తే, పైపొర చెక్క కోసం మన దేశపు ఫ్యాక్టరీలు ఆఫ్రికాలోని గాబన్ దాకా వెతుక్కుంటూ పోయాయి.

హర్యానాలోని యమునానగర్ రైతులను చూడండి. 1996లో సుప్రీంకోర్టు ఆదేశాలతో అడవి కలప దొరకడం కష్టమయ్యాక, ఫ్యాక్టరీలు అక్కడి రైతుల పోప్లార్, జామాయిల్ మీద ఆధారపడ్డాయి. అందరూ పోప్లార్ పెట్టారు. 2000 తర్వాత కలప ఎక్కువై ధర కూలింది. చాలామంది తోటలు పీకేశారు. తర్వాత కొరత వచ్చి ధర పెరిగింది. పీకేసిన రైతుకు ఏమొచ్చింది?

కేంద్రం ఫ్యాక్టరీలను మాత్రం కాచుకుంటూనే ఉంది. వియత్నాం, ఇండోనేషియాల ఎం.డి.ఎఫ్. చెక్కపై 2016లో యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ప్లైవుడ్‌కు ఐ.ఎస్.ఐ. మార్కును 2025 నుంచి దశలవారీగా తప్పనిసరి చేసింది. వీటిని మేము వ్యతిరేకించడం లేదు. కానీ ఆ రక్షణ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోతోంది. రైతు మొద్దుకు మద్దతు ధర లేదు. దిగుమతి చౌకైతే రైతు ధర కోస్తారు, దిగుమతి ఆగితే ఆ లాభం రైతుకు పంచాలని ఏ ఉత్తర్వులోనూ రాయలేదు. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల సుబాబుల్ రైతులు గిట్టుబాటు ధర కోసం ఎన్నిసార్లు రోడ్డెక్కారో మనకు తెలుసు.

దూరం ఇంకో సమస్య. ఆంధ్రలోని పెద్ద చెక్క ఫ్యాక్టరీలు శ్రీకాళహస్తి, బద్వేలు వైపు ఉన్నాయి. కాగితం మిల్లులు సారపాక, కాగజ్‌నగర్‌లలో ఉన్నాయి. కోసిన మొద్దు రోజురోజుకూ ఆరుతుంది, తూకం తగ్గుతుంది. లారీ గేటు ముందు నాలుగు రోజులు నిలబడితే ఆ నష్టమంతా రైతుదే. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డప్పుడు చెరుకుకు చట్టబద్ధమైన ధర ఉండి కూడా మన రైతులు దిక్కులు చూశారు. చెరుకు పోతే మరుసటి ఏడు మక్క వేసుకున్నాం. అయిదేళ్ల చెట్టును ఏం చేస్తాం?

అందుకే మేము అడిగేది ఇది. మొక్క అమ్మేవాళ్లు కనీస ధర, కోత కూలి, లారీ కిరాయి ఎవరిదో రాసిన కొనుగోలు ఒప్పందం ఇవ్వాలి. మార్కెట్ యార్డులో వడ్ల ధర రాసినట్టు కలప ధరను చుట్టుకొలత వారీగా అధికారులు ప్రతి నెలా ప్రకటించాలి. పొరలు తీసే చిన్న యూనిట్‌కు రైతుల సహకార సంఘం పేరున జిల్లాలోనే లైసెన్సు ఇవ్వాలి. మొద్దుకు బదులు పొరలు పంపితే కిరాయి తగ్గుతుంది, తూకం తగాదా తప్పుతుంది.

అప్పటిదాకా పెట్టాలనుకుంటే గట్ల మీద పెట్టండి, ఉన్న ఎకరమంతా అప్పగించకండి. ఇప్పటికే పెట్టిన రైతులు మొక్కల బిల్లు, ఏదైనా ఒప్పందం రాసుకుని ఉంటే దాని జిరాక్సు తీసుకుని వచ్చే మండల కమిటీ సమావేశానికి రండి.