హాజరుపట్టీ నేర్పిన తెలుగు

తెలుగు ఇంటిభాష కాని పిల్లలకు తెలుగు ఎంత వచ్చిందో తేల్చాలంటే పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి-వికృతులు అడగాలట. ఎంత కఠినమైన మాట తెలిస్తే అంత భాష వచ్చినట్టట. ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లలో ఈ నమ్మకం బాగా నాటుకుపోయింది. ఇది పొరపాటు. ఇలాంటి పరీక్ష భాషను కొలవదు, చాలాసార్లు కష్టాన్నీ సరిగా కొలవదు.

సికింద్రాబాద్‌లోని లాలాగూడనే తీసుకోండి. నిజాం జమానాలో, 1893లో, ఇక్కడ రైల్వే వర్క్‌షాపు వెలిసింది. 1966లో సికింద్రాబాద్ దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమైంది. రైలు కొలువంటేనే బదిలీలు. అందుకే ఈ చుట్టుపక్కల తమిళం, హిందీ, ఉర్దూ, ఆంగ్లో-ఇండియన్ల ఇంగ్లీషు ఇళ్లలో వినిపిస్తూనే ఉన్నాయి. 2018లో తెలంగాణ చట్టం చేసి, బోర్డు ఏదైనా ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అంది. మంచిదే. మరి ఆ పిల్లలకు వచ్చిన తెలుగును దేనితో కొలుస్తున్నాం?

‘సూర్యుడు’కు పర్యాయపదాలు రాయమంటే హిందీ ఇంటి పిల్ల తడుముకోదు. రవి, భాస్కర్, దినకర్, ఆదిత్య తరగతి హాజరుపట్టీలోనే ఉన్నారు. మార్కులన్నీ వచ్చేస్తాయి. అదే పిల్లకు పక్కింటావిడ ‘ఎండలో తిరగకమ్మా’ అంటే అర్థం కాకపోవచ్చు. మనం కష్టమనుకుని అడిగిన సంస్కృత పదం ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్నదే. తేలికని వదిలేసిన ఎండ, చెమట, గొళ్లెం, తడిగుడ్డ ఆమె కొత్తగా నేర్చుకోవలసినవి. తమిళ పిల్లవాడికి ఊరు, కన్ను, కాలు ముందే చుట్టాలు. అంటే ఒకే ప్రశ్నపత్రం ఇద్దరిలో రెండు వేరు వేరు సంగతులు కొలిచి, రెంటికీ ‘తెలుగు’ అని పేరు పెడుతోంది.

ఇంటిభాష మోసం కూడా చేస్తుంది. హిందీలో శిక్ష అంటే చదువు, ఉపన్యాసం అంటే నవల, అవకాశం అంటే సెలవు. తెలివైన పరీక్షకుడు ఈ అర్థాలనే తప్పు ఐచ్ఛికాలుగా పెడతాడు. అప్పుడు మాట నిజంగా తెలిసినవాడెవడో, పోలిక చూసి ఊహించినవాడెవడో బయటపడుతుంది.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి. మన పరీక్ష మాటను నిఘంటువులో ఉన్నట్టే అడుగుతుంది. తెలుగు మాట అలా నిలబడి ఉండదు. ఇల్లు ఇంట్లోకి పోతుంది, చేయి చేతిలోకి, కన్ను కంటికి మారుతుంది. ‘రా’ అని నేర్చుకున్న పిల్లవాడు ‘వచ్చాడు’లో దాన్ని పట్టుకోగలడా? పట్టుకోలేకపోతే ‘రా’కు అర్థం రాయగలిగినా ఆ మాట అతనికి సగమే వచ్చినట్టు. ‘సొంతవాక్యంలో రాయండి’ అన్నా లాభం లేదు. ‘నాకు ఫలానాది ఇష్టం’ అనే ఒక్క వాక్యంలో ఏ నామవాచకమైనా ఒదిగిపోతుంది.

ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఈ జాగ్రత్తలు ఎప్పుడో అందాయి. 1983లో భాషా పరిశోధకుడు పాల్ నేషన్ ఎక్కువగా వాడే మాటల నుంచి అరుదైన మాటల దాకా మెట్లుమెట్లుగా పరీక్ష కూర్చాడు. మరో పరిశోధకుడు పాల్ మియరా తన పరీక్షల్లో అసలు మాటల మధ్య లేని మాటలు కలిపాడు. అన్నిటికీ ‘తెలుసు’ అనేవాళ్లు అక్కడ దొరికిపోతారు. లాలాగూడకు కూతవేటు దూరంలో, తార్నాకలో, ఇంగ్లీషు బోధన కోసం 1958లో పుట్టిన సంస్థ నేడు కేంద్రీయ విశ్వవిద్యాలయం. పరాయి భాషపై పెట్టిన ఆ శ్రద్ధలో పాలు మన భాష నేర్చుకునేవాళ్లకు దక్కొద్దా? అయితే నేషన్ మెట్లను ఉన్నవున్నట్టు దించుకోకూడదు. పత్రికల తెలుగులోంచి మాటలు లెక్కగడితే సంస్కృతమే పైకి తేలుతుంది. బజారులో, బస్సులో, బడి ఆవరణలో వినిపించే తెలుగులోంచి లెక్కగట్టాలి.

‘ప్రమాణం దిగజారిపోతుంది’ అని పండితుల భయం. కానీ వాడుకమాటను వాక్యంలో పట్టుకోవడం బట్టీ పట్టడం కంటే కష్టం. మూల్యాంకనం చిక్కవుతుందన్నది మరో అభ్యంతరం. నిజమే. అయితే తేలిగ్గా దిద్దగలిగినంత మాత్రాన పరీక్ష సరైనదైపోదు. పుస్తకమే తేలికైంది కదా అనీ అనవచ్చు. 2025లో తెలంగాణ ప్రభుత్వం సీబీఎస్ఈ వంటి బోర్డుల్లో తొమ్మిది, పది తరగతులకు ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం వాడమంది. వాచకం మార్చి ప్రశ్నలు మార్చకపోతే పిల్లలు పాత బట్టీనే కొత్త పుస్తకంలోంచి పడతారు.

చేయవలసింది స్పష్టం. వాక్యం వినిపించి పని చేయించండి. మాటను మారిన రూపాల్లో గుర్తుపట్టమనండి. ఇంటిభాష ఇచ్చిన మాటలకూ ఇక్కడ నేర్చుకున్న మాటలకూ విడివిడిగా మార్కులు లెక్కించండి. చొక్కాకు ‘అంగీ’ అని, దారికి ‘తొవ్వ’ అని రాస్తే పూర్తి మార్కులివ్వండి. ఆ పిల్లవాడు తెలుగును పుస్తకంలోంచి కాదు, ఈ ఊరి మనుషుల నుంచి నేర్చుకున్నాడు. చట్టం కోరినదీ అదే.