లెక్క ఊరిలో చదువుడు

పరిపాలన బాగుపడవలెనన్నప్పుడెల్ల మన ప్రభుత్వములకు తోచు ఉపాయము ఒక్కటియే: ఉన్న కచేరీకి పేరు మార్చుట, లేదా క్రొత్త కచేరీ తెరచుట. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చెను. 2019లో ఆంధ్రప్రదేశమున గ్రామ, వార్డు సచివాలయములు వెలసెను. వీనివలన ప్రజలకు నడక తగ్గినమాట నిజము. కాని దగ్గరకు వచ్చిన అధికారి ప్రజలకు లెక్క చెప్పువాడయ్యెనా? మా ప్రశ్న యిది.

దీనికి సమాధానము మన నేలమీదనే యొకమారు దొరకినది. 1994లో రాజస్థానమందు మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు ప్రభుత్వపు పనుల పద్దులను పల్లె ప్రజల యెదుట బిగ్గరగా చదివించిరి. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము పనులను గ్రామసభయే తనిఖీ చేయవలెనని తన 17వ విభాగమున విధించెను. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమయ్యెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశము ఆ విధిని ఆచరణలో పెట్టి, 2009లో సామాజిక తనిఖీకై ప్రత్యేక సంస్థను నెలకొల్పెను.

పద్ధతి మిక్కిలి సులభము. కూలివారి యిండ్లలోని యువజనులకే తర్ఫీదు నిచ్చిరి. వారు మస్టర్లు చేతబట్టుకొని యింటింటికి పోయి, పనికి వెళ్ళితివా, చేతికి వచ్చిన కూలి యెంత యని యడిగిరి. త్రవ్విన కాలువను టేపుతో కొలిచిరి. తేలినదానిని గ్రామసభలోను, మండల బహిరంగసభలోను అధికారుల సమక్షముననే చదివిరి. చచ్చినవారి పేర కూలి వ్రాసిన మస్టర్లు బయటపడెను. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత గలదు. ఊరిదొంగను ఊరు పట్టగలదని ఈ సభలు చాటినవి.

పల్లెటూరివారికి లెక్కలేమి తెలియునని కొందరు పెద్దలు నవ్వుదురు. ఆడిటరు పద్దునకు రశీదు కలదా యని చూచును. కూలివాడు పని జరిగెనా యని చూచును. రశీదు దొంగకడను ఉండవచ్చును. త్రవ్వని కాలువలో నీరు మాత్రము పారదు!

ఇందు నేర్వవలసిన పాఠములు మూడు. పని చేయించినవాడు తనిఖీదారు కారాదు. కాగితములు తనిఖీకి ముందే ప్రజల చేతికి రావలెను. తప్పు తేలినపిమ్మట శిక్ష తప్పరాదు. మొదటి రెంటిని మనవారు కొంతవరకు సాధించిరి, మూడవదానియందు ఓడిరి. పట్టుబడిన సొమ్ములో తిరిగి రాబట్టినది స్వల్పము. తనిఖీ చేసిన చేయి వణకలేదు. శిక్షింపవలసిన చేయి వణకినది.

మనకు సిగ్గు కలిగింపదగిన మాట యింకొకటి గలదు. ప్రభుత్వపు పెక్కు పథకములను సేవలను సామాజిక తనిఖీ క్రిందికి తెచ్చు చట్టమును దేశమున మొదట చేసినది, 2017లో, మేఘాలయ. దారి చూపినది మనము. ఆ దారిని నడచినది కొండసీమ రాష్ట్రము!

ఇది పల్లెల గొడవ యని పట్టణవాసులు పుట మరల్పరాదు. కూలివాని మస్టరు వీధిలో చదువబడినది. మీ మురుగుకాలువ బిల్లు ఏ వీధిలో చదువబడెను? మూడు లక్షలు, అంతకుమించిన జనాభా గల పురములందు వార్డు సంఘములు ఉండవలెనని రాజ్యాంగపు 74వ సవరణము 1992లోనే పలికెను. మీ వార్డు సంఘము ఎన్నడు కూడెనో మీరెరుగుదురా?

పఠనమందిరములలో ఈ పుటను చదువు సోదరసోదరీమణులారా! ఉత్తమ పరిపాలన పైనుండి దిగివచ్చు వరము కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము మీ చేత నున్నది. మీ వీధి పని యొక్కదాని పద్దును అడిగి తెండు. పదిమందిని కూర్చి, ఆ వీధిలోనే నిలిచి, బిగ్గరగా చదువుడు. లెక్క అడుగ నేర్చిన ప్రజ ఏ ప్రభుత్వమునకును లోకువ కాదు.