ఇంటిదొంగ దొరికాడు... కానీ గెంటేయలేం!

జలుబుకి మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది. ఈ జోక్ మీరూ వినే ఉంటారు. ఇంత సైన్స్ ఉండి కూడా జలుబుకి టీకా ఎందుకు లేదు? ఎందుకంటే జలుబు తెచ్చే రైనోవైరస్‌లోనే దాదాపు 160 రకాలున్నాయి. ఒకదాన్ని ఆపితే ఇంకోటి రెడీగా ఉంటుంది.

అందుకే అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో యాన్ కరెట్ బృందం రూటు మార్చింది. వైరస్‌కి సొంత సామాను చాలా తక్కువ. మన కణంలోకి దూరి, మన ప్రొటీన్లనే వాడుకుని తన కాపీలు తీసుకుంటుంది. అంటే లోపల దానికి సాయం చేసే ఇంటిదొంగ ఒకడున్నాడన్నమాట. మరి ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే!

క్రిస్పర్ అనే జన్యు కత్తెర పట్టింది. మనలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20 వేలు. కోట్ల కణాలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో జన్యువును కత్తిరించారు. తర్వాత వాటి మీదికి వైరస్‌ను వదిలారు. చాలావరకు చచ్చిపోయాయి. కొన్ని మాత్రం బతికి బట్టకట్టాయి. వాటిలో ఏ జన్యువు తెగిందో చూస్తే సరి, వైరస్‌కి అదే కావాలని తేలిపోతుంది.

అలా దొరికిందే సెట్‌డీ3 అనే ప్రొటీన్. 2019లో ఈ ఫలితాలు బయటికొచ్చాయి. సెట్‌డీ3 లేకపోతే జలుబు వైరస్సే కాదు, దాని చుట్టమైన పోలియో వైరస్ కూడా కణాల్లో సరిగ్గా పెరగలేకపోయింది. పుట్టుకతోనే ఈ ప్రొటీన్ లేని ఎలుకలకి ఈ కుటుంబం వైరస్‌లు ఎక్కించినా అవి తట్టుకున్నాయి.

మరి దీన్ని మనలోంచి తీసేస్తే పోలా? అక్కడే ఉంది తిరకాసు. సెట్‌డీ3 లేని ఆడ ఎలుకలకి కాన్పు కష్టమైంది. కాన్పు సమయంలో గర్భసంచి కండరాలు బిగుసుకోవడానికి ఈ ప్రొటీన్ కావాలి. వైరస్‌కి సాయం చేసేవాడే ఇంటికి అవసరమైన మనిషి కూడా!

అయితే ఒక ఊరట ఉంది. కండరాల కోసం సెట్‌డీ3 చేసే పని వేరు, వైరస్ దాన్ని వాడుకునే తీరు వేరు. వైరస్ ప్రొటీన్ ఒకటి వచ్చి దీన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు ఒక్కటి విడగొట్టే మందు దొరికితే ఇంటిమనిషి క్షేమం, వైరస్‌కి ఆకలి.

అలాంటి మందు ఇంకా మెడికల్ షాపుకి రాలేదు. అప్పటిదాకా జలుబు చేస్తే అమ్మ పెట్టే మిరియాల చారు తాగండి, రెస్ట్ తీసుకోండి. యాంటీబయాటిక్స్ మాత్రం సొంతంగా వేసుకోకండి. అవి బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి, వైరస్ వాటిని లెక్కచేయదు.