లె మోర్న్ కొండకి పావుగంట చాలదు

మారిషస్ పోయొచ్చిన మనవాళ్ల ఫోన్లు చూడండి. నీలి సముందర్, తెల్లటి ఇసుక, రిసార్టులో నాష్తా, వెనకాల ఒక నల్లకొండ. ఆ కొండ పేరేమిటంటే చాలామంది చెప్పలేరు. ప్యాకేజీ టూరువాళ్లు పావుగంట బండి ఆపుతారు, మనం ఫోటో దిగి ఎక్కేస్తాం. పైసా పైసా కూడబెట్టి అంతదూరం పోయే ఖాందాన్లకు ఇది నాఇన్సాఫీ అని నా రాయ్.

దాని పేరు లె మోర్న్ బ్రబాన్. దీవికి నైరుతి కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన 556 మీటర్ల రాతికొండ. అసలు ఆ దీవి మొత్తం జ్వాలాముఖి నుంచి పుట్టిందే. పొద్దున్నే బయల్దేరితే గంట నడకలో ఒక చదునైన చోటికి చేరతాం. ఆ పైన చేతులూ కాళ్లూ రెండూ వాడి పాకాల్సిందే. మోకాళ్ల నొప్పులతో మా బేగం అక్కడే ఆగిపోయింది. నష్టమేమీ లేదు. కింద పగడపు దిబ్బ మీద విరిగే అలలు తెల్లగీతలా కనిపిస్తాయి. గీతకు లోపల లేత ఆకుపచ్చ నీళ్లు, బయట ముదురు నీలం. మంజర్ అంటే అదీ! సుబ్‌హానల్లా అని దానంతటదే నోటికొచ్చేస్తుంది.

అయితే 2008లో యునెస్కో ఈ కొండను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ అందానికి కాదు, గులామీ తారీఖుకి. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి, కొందరిని మన హిందుస్తాన్ నుంచి కూడా తెచ్చి గులాములుగా అమ్మారు. పారిపోయినవాళ్లు ఈ నిట్టనిలువు రాళ్ల సందుల్లో, గుహల్లో దాక్కున్నారు. 1835 ఫిబ్రవరి 1న అక్కడ గులామీ రద్దయింది. ఆ ఖబర్ చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, పట్టుకోడానికే వచ్చారనుకుని కొందరు పైనుంచి దూకేశారట. నోటి మాటగా వచ్చిన కథే. కానీ ఆజాదీ గడప దాకా వచ్చినా నమ్మలేనంతగా మనిషిని భయపెట్టిన జులుం ఎలాంటిదో చెప్పడానికి అది చాలు.

ఆ గులాముల జాగాలోకే ఇంగ్రేజులు మనవాళ్లను తోలుకెళ్లారు. 1834 నుంచి మొదలుపెట్టి నాలుగున్నర లక్షలకు పైగా గిర్మిట్ మజ్దూర్లు. వాళ్లలో కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లున్నారు, ముసల్మాన్లూ ఉన్నారు. చెరుకుచేల మధ్య ఇప్పటికీ నల్లరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. జ్వాలాముఖి కక్కిన ఆ రాళ్లను ఒక్కొక్కటీ ఏరి, పేర్చి, నేలను పొలం చేసినవి ఆ మజ్దూర్ల చేతులే, వాళ్లకు ముందు గులాముల చేతులు.

మమ్మల్ని తిప్పిన డ్రైవర్ ముత్తాత తెలుగువాడు. ఇంట్లో క్రియోల్, బడిలో నేర్చిన తెలుగు కొంచెం మిగిలింది. నేను పిల్లలతో తెలుగులో మాట్లాడుతుంటే హైరానైపోయాడు. "మీరు ముస్లిం కదా సార్, తెలుగు ఎట్లా?" అన్నాడు. అక్కడి బడుల్లో పిల్లలు బాప్‌దాదాల జబాన్ నేర్చుకుంటారు. తెలుగు హిందువుల పిల్లలు తెలుగు తీసుకుంటారు, మన బచ్చాలు ఉర్దూనో అరబీనో. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఆ లెక్కలో ఖానాయే లేదు! అతన్ని ఏమనగలం? మన ఊళ్లోనే "సాయిబుగారూ, తెలుగు భలే మాట్లాడతారే" అని తారీఫ్ చేసేవాళ్లు తక్కువా? తెలుగు మనది కాదు బేటా అని చెప్పే మన బుజుర్గులు తక్కువా? కోరంగిలో ఓడెక్కేటప్పుడు ఎవరి జబాన్ ఏ మజహబ్‌దని ఎవరూ అడిగి ఉండరు. చేతులు గట్టిగా ఉన్నాయా లేదా అనే చూసి ఉంటారు.

కాబట్టి పోయేవాళ్లు షాపింగ్‌లో ఒక పూట తగ్గించుకుని ఈ కొండకివ్వండి. పోర్ట్ లూయీలో జుమ్మా మసీదుకు నమాజ్‌కెళ్లినప్పుడు, మనవాళ్లు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ రాతిమెట్లు కూడా పిల్లలకు చూపించండి. ఎందుకు చూపిస్తున్నారో ముందే చెప్పండి, లేకపోతే వాళ్లకవి ఉత్త మెట్లే. కొండకు పట్టున్న బూట్లు, మనిషికి రెండు సీసాల నీళ్లు కావాలి. వాన పడితే రాళ్లు జారతాయి, ఆ రోజు పైకి ఎక్కొద్దు.