అలుగు పారే చదువు

మొన్న ఊరి నుంచి మా చిన్నాయన ఫోన్ చేసిండు. కొడుకు మీద ఫిర్యాదు. "ఎం.టెక్ సదువుమని పట్నం తోలిస్తే రాత్రనక పగలనక వైర్లు అతుకవెట్టుకుంట కూసుంటుండట. ముఖం తెల్వనోళ్లకు ఉత్తగనే ప్రోగ్రాములు రాసిస్తుండట. పైస రాని పని ఎవడన్న జేస్తడా? నువ్వన్న జర చెప్పు బిడ్డా" అన్నడు. జర్నలిస్టును కాబట్టి ఎవరికైనా నీతులు చెప్పే అర్హత నాకున్నదని మా చుట్టాల నమ్మకం. సరేనని బయలెల్లిన.

పోతూ పోతూ నా స్వార్థం కూడా ఒకటి జేబుల ఏసుకున్న. పాత సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఎక్కించిన ఫైళ్లు. 2009 డిసెంబర్‌ల నేను డిగ్రీ విద్యార్థిని. అప్పటి నుంచి 2011 సకల జనుల సమ్మె దాకా రాత్రిళ్లు డీటీపీ దుకాణంల కూసొని రాసిన కరపత్రాలు, వ్యాసాలు అన్నీ అందులనే ఉన్నయి. పేజ్‌మేకర్‌ల పెట్టినవి, ఆ దుకాణంల ఉన్న ఫాంటుల కొట్టినవి. ఆ దుకాణం ఎన్నడో మూతపడ్డది. పదేండ్లుగా ఆ ఫైళ్లు తెరుచుకోవు. అచ్చు కాగితాలు నా దగ్గర నాలుగో అయిదో మిగిలినయి. తప్పు ఇంకెవరిదో కాదు, మాదే. రేపు వీటిని ఎట్ల చదువుతమని ఆలోచించే తీరిక అప్పుడు ఎవలికున్నది?

తమ్ముని గది ఒక చిన్న కార్ఖానా. కోఠి గుజరాతీ గల్లీల అగ్గువకు ఏరుకొచ్చిన రిలేలు, ఆర్డుయినో బోర్డు, సాల్డరింగ్ వాసన. సికింద్రాబాద్ సీటీసీల కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, దాంట్ల విండోస్ లేదు, డెబియన్ లైనక్స్ ఉన్నది. నేను చెప్పాలనుకున్న నీతులు షురూ చేయకముందే పెన్‌డ్రైవ్ గుంజుకున్నడు. లిబ్రే ఆఫీస్‌ల పేజ్‌మేకర్ ఫైలు తెరుచుకున్నది! నేను నోరు తెరిచిన. కానీ అందుల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లిష్ కాదు, పిచ్చి గీతలు.

ఎందుకట్ల అంటే, అప్పటి మన ఫాంట్లు ఒక మాయ చేసేటివి. ఇంగ్లిష్ అక్షరాలకని కట్టిన గూళ్లల్ల తెలుగు ముక్కలను కూసోబెట్టేటివి. ఒక గూట్ల తలకట్టు, ఒక గూట్ల కొమ్ము, ఇంకో గూట్ల వత్తు. ఒక్కొక్క పత్రికది ఒక్కొక్క అమరిక. ఆ ఫాంటు ఉంటే తెలుగు, లేకుంటే గీతలు. యూనికోడ్ 1991లనే తెలుగుకు 128 గూళ్లు సొంతంగా ఇచ్చింది గానీ, అది మన డీటీపీ దుకాణాల దాకా రావడానికి ఏండ్లు పట్టింది.

తమ్ముడు 'పద్మ' అనే పాత ప్రోగ్రాం కోడ్ తీసిండు. 2000ల నడుమ వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ కోసం రాసింది అది. ఒక్కో పత్రిక ఫాంటును యూనికోడ్‌లకు మార్చి చూపెట్టేది. అప్పటి రూపంలో అది ఇప్పటి ఫైర్‌ఫాక్స్‌ల నడవదు. అయినా కోడ్ అందరి ముంగట ఉన్నది కదా! దాని పద్ధతి పట్టుకొని మా ఫాంటుకు కొత్త పట్టిక కట్టిండు. రెండు రాత్రులు నన్ను పక్కన కూసోబెట్టుకొని అచ్చు కాగితం చూపిస్త "అన్నా, ఇది ఘ నా, ఫ నా?" అని అడిగిండు. వత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట పడ్డయి. మూడో పొద్దుటికి మొదటి కరపత్రం చదివిన. ఉద్యమంల గొంతు పోయేటట్టు అరిచినోన్ని, అప్పుడు మాట రాలే.

ఎవలు చేసిండ్రు ఇదంతా? లిబ్రే ఆఫీస్‌ల పేజ్‌మేకర్ ఫైలు చదివే పనిని 2014ల ఒక విద్యార్థి ఎండకాలం సెలవుల్ల షురూ చేసిండు. ఇంగ్లిష్ అక్షరాలతోని తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి అమెరికాల రైస్ విశ్వవిద్యాలయంల ఉన్న తెలుగువాళ్ల పని, ఆ పేరుల 'ఆర్' అంటే రైసే. ఆ దారిల వీవెన్ చేసిన లేఖినితోని వేలమంది తెలుగు రాయ నేర్చిండ్రు. 2015ల స్టాన్‌ఫర్డ్‌ల రాకేశ్ ఆచంట, ట్రెవర్ హేస్టీతోని కలిసి, అచ్చు తెలుగు బొమ్మను చూసి అక్షరాలు గుర్తుపట్టే పద్ధతి మీద పరిశోధన పత్రం రాసిండు, కోడ్ బయట పెట్టిండు. ఎవరూ టెండరు పిలువలే, ఎవరూ శిలాఫలకం వేయలే.

అంతెందుకు, లైనక్స్ సంగతే చూడండి. 1991ల ఫిన్లండ్ దేశం హెల్సింకి విశ్వవిద్యాలయంల చదువుతున్న 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్ సరదాకు షురూ చేసింది అది. 1997ల దాని మీదనే మాస్టర్స్ థీసిస్ రాసిండు. ఈ రోజు ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది అదే. ప్రపంచంల మొదటి 500 సూపర్ కంప్యూటర్లన్నీ 2017 నవంబర్ నుంచి దాని మీదనే నడుస్తున్నయి. ఆయన నాయిన కూడా మా చిన్నాయన లెక్క ఎవలికన్న ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో!

ఇది మనకు కొత్త సంగతేం కాదు. గొలుసుకట్టు చెరువుల కింద బతికినోళ్లం. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతది. రిచర్డ్ స్టాల్‌మన్ 1989ల రాసిన జీపీఎల్ లైసెన్స్ అంటే ఇదే: నీళ్లు వాడుకో, మీదికెళ్లి నువ్వు కలిపిన నీళ్లు కిందికి వదులు, అలుగుకు అడ్డం కట్టకు. ఇంగ్లిష్‌ల 'ఫ్రీ' అంటే ఉచితమా, స్వేచ్ఛా అని వాళ్లకు ఇంకా పంచాయితే. మనకు రెండు మాటలున్నయి. హైదరాబాద్‌ల ఈ పని చేసేటోళ్లు తమ సంస్థకు 'స్వేచ్ఛ' అని పేరు పెట్టుకున్నరు.

మరి మన ఇంజనీరింగ్ కాలేజీలు ఏం చేస్తున్నయి? రికార్డు నోటుబుక్కు, 75 శాతం హాజరు, ఆఖరి ఏడాదికి అమీర్‌పేటల పైసలిచ్చి కొనుక్కొచ్చే ప్రాజెక్టు. అది కొన్నోనికి అందుల ఏమున్నదో ఎరుక లేదు, మార్కులేసే సారుకు అడిగే ఓపిక లేదు. నా తమ్ముడు ఒక తప్పు కనిపెట్టి సరిచేసి పంపితే, ముక్కు మొఖం తెల్వని జర్మనీ మనిషి దాన్ని వరుస వరుస చదివి, రెండు సార్లు తిప్పి పంపిండట. మూడోసారి ఒప్పుకున్నడట. అట్ల తిప్పి పంపే గురువు కాలేజీల దొరకలేదని వాని బాధ. కేరళ సర్కారు బడి పిల్లలు లైనక్స్ మీదనే కంప్యూటర్ నేర్చుకుంటుంటే, మనకేమైంది?

చిన్నాయన భయం ఉత్తది అని నేననను. పెద్ద పెద్ద కంపెనీలు ఈ పిల్లలు ఉత్తగ రాసిన కోడ్ మీద కోట్లు గడిస్తున్నయి, రాసినోనికి చాయ పైసలు కూడా దక్కవు. అప్పు చేసి చదివిస్తున్న ఇంట్ల ఈ సరదా ఎన్ని దినాలు నడుస్తదో చెప్పలేం. తీరిక ఉన్నోని పిల్లలకే ఇది దక్కితే అదొక అన్యాయం. అందుకే ఈ పనిని కాలేజీలే ప్రాజెక్టు కింద లెక్కగట్టాలె, మార్కులియ్యాలె. అమీర్‌పేట బిల్లు కన్నా అది అగ్గువ.

వారం తర్వాత చిన్నాయన మళ్ల ఫోన్ చేసిండు. "చెప్పినవా?" అన్నడు. ఆయన పొలం మోటరు ఇప్పుడు మిస్డ్ కాల్ ఇస్తే నడుస్తది. బీటెక్‌ల ఉన్నప్పుడు ఆ డబ్బా చేసింది కొడుకే, ఎవలో బయట పెట్టిన కోడ్ తీసుకొని. ఆ సంగతి గుర్తు చేసిన. కొద్దిసేపు సప్పుడు లేదు.

"అది సరే గానీ, మన పక్క పొలమోళ్లు నలుగురు అడుగుతుండ్రు. సెలవులకు వచ్చినప్పుడు చేసిస్తడేమో అడుగరాదు" అన్నడు.