ఖతమ్ లెక్క ఫోన్‌కి తెలుసు, ఇంటి లెక్క తెలియదు

ఖురాన్ ఎంతవరకు చదివామో, ఎన్నిసార్లు పూర్తిచేశామో గుర్తుపెట్టే యాప్‌లు ఇప్పుడు మన ఆడవాళ్ళ ఫోన్లలో మామూలైపోయాయి. రంజాన్ దగ్గరపడితే "పండక్కి బట్టలు తీసుకున్నారా?" అని అడిగినట్టే "ఏ యాప్ వేసుకున్నావు?" అని అడుగుతున్నారు. నేనూ ఒకటి వాడుతున్నాను. వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. కాకపోతే ఆ యాప్ చేసినవాళ్ళ మనసులో ఉన్నది ఎవరో ఒక్కసారి ఆలోచించమంటాను. నెలలో ఒక్కరోజు కూడా ఆపనవసరం లేని మనిషి, చదవడానికి కూర్చుంటే ఎవరూ లేపని మనిషి. అంటే, మనం కాదు.

ఈ సంగతి కొత్తగా వింటున్న స్నేహితుల కోసం రెండు మాటలు. ఖురాన్‌లో 114 సూరాలుంటాయి. చదువుకునే వీలు కోసం దాన్ని 30 పారాలుగా విడదీశారు. మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పూర్తిచేస్తే ఒక ఖతమ్. ఎక్కువ యాప్‌లు 604 పేజీల మదీనా ప్రతిని లెక్కలోకి తీసుకుంటాయి. రోజుకి సుమారు 20 పేజీలు, అంటే ఐదు నమాజుల తర్వాత తలా 4 పేజీలు చదివితే నెలకి ఒక ఖతమ్ అవుతుంది. వినడానికి ఎంత తేలికో చూడండి.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. నెలసరి రోజుల్లో మన ఇళ్ళల్లో ముస్‌హఫ్ ముట్టుకోరు. ఫోన్లో చూసి చదవచ్చా అన్నదాని మీద పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, అది ఎవరికి వాళ్ళు తెలుసుకోవలసిన విషయం. ఆ 7 రోజులు ఆగితే 140 పేజీలు మిగిలిపోతాయి. తక్కిన 23 రోజుల్లో పూర్తిచేయాలంటే రోజుకి 26 పేజీలు దాటాలి. యాప్ ఇదేమీ అడగదు. వారం తర్వాత తెరిస్తే "మీరు వెనకబడ్డారు" అంటుంది. అన్ని రోజులుగా పెరుగుతూ వచ్చిన వరస అంకె సున్నా అయిపోయి ఉంటుంది. ఆ రోజుల్లో నమాజు మాఫీ, తర్వాత తీర్చనక్కర్లేదు కూడా. రోజాలైతే తర్వాత ఉండాలి. ధర్మమే ఇచ్చిన సెలవుని ఫోను గైర్హాజరుగా రాసుకుంటోంది. దాన్ని చూసి మనం బాధపడటం ఎందుకు?

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ఈమధ్య కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో ఖతమ్ పట్టికలు పెడుతున్నారు. ఎవరు ఎన్నో పారాలో ఉన్నారో రోజూ అందులో రాయాలి. ఆ గ్రూపులో మామగారుంటారు, బావగారుంటారు, మరుదులుంటారు. ఒక కోడలి పేరు పక్కన వరసగా ఏడు గళ్ళు ఖాళీగా ఉంటే దాని అర్థం ఏమిటో ఎవరికి తెలియదు? నాలుగు గోడల మధ్య ఆడవాళ్ళు గుట్టుగా ఉంచుకునే సంగతిని పట్టిక అందరి ముందూ పెట్టేస్తుంది. అది దాచుకోవడానికి చదవకుండానే టిక్కు పెట్టే అమ్మాయిలున్నారు. ఖురాన్ పేరు మీద అబద్ధం రాయించే పట్టిక మనకెందుకు చెప్పండి.

పట్టికలన్నీ చెడ్డవని అనను. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు సిపారాలు పంచుకుని చదవడం మనకి ఎప్పటినుంచో ఉంది. పూర్వం ఒకే గదిలో తెల్లదుప్పటి పరిచి, మధ్యలో ముప్ఫై సిపారాలు పెట్టి, తలా ఒకటి తీసుకునేవాళ్ళు. ఇప్పుడు ఒకరు గుంటూరులో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు గల్ఫ్‌లో ఉన్నా, అంకెల పక్కన పేర్లు రాసుకుంటే సాయంత్రానికి ఖతమ్ పూర్తవుతుంది. అక్కడ పట్టిక పనిని పంచుతోంది, మనుషుల్ని పోల్చడం లేదు. నేను చూసే తేడా అదొక్కటే. అలాంటప్పుడు కూడా అర పారా తీసుకుంటానన్నవాళ్ళని తీసుకోనివ్వాలి. పేరు రాయనివాళ్ళని ఎందుకని అడగకూడదు.

ఇక వంటింటి సంగతి. రంజాన్‌లో మగవాళ్ళు ఇషా తర్వాత మసీదుకి వెళ్ళి తరావీహ్‌లో నిలబడితే హాఫిజ్‌గారు రోజూ కొంత చదువుతూ ఖురాన్ మొత్తం వినిపిస్తారు. చాలా మసీదుల్లో 27వ రాత్రికల్లా పూర్తవుతుంది. ఆ సమయంలో ఇంట్లో ఆడవాళ్ళు ఇఫ్తార్ గిన్నెలు తోముతూ, సహరీకి కూర తరుగుతూ ఉంటారు. నాకు ఒక పారా చదవడానికి ముప్పావుగంట పడుతుంది. నెల మొత్తానికి కలిపితే 22 గంటల 30 నిమిషాలు. ఇఫ్తార్‌కి రోజూ రెండు రకాల వేపుళ్ళు చేసే ఇంట్లో ఒక రకం మానేస్తే ఆ సమయం దొరకదా? యాప్‌లో పేజీలు మిగిలిపోతున్నాయంటే భక్తి తగ్గిందని కాదు, ఇంటి పని ఒక్కరి మీదే పడిందని. ఆ లెక్కని మనల్ని మనం తిట్టుకోవడానికి కాకుండా, ఇంట్లోవాళ్ళకి చూపించి సాయం అడగడానికి వాడుకుందాం.

అసలు తొందర ఎవరు పెట్టారు? త్వరత్వరగా పూర్తిచేయాలనుకున్న ఒక యువకుడికి ప్రవక్తగారు ముందు నెలకొకసారి చదవమనే చెప్పారు. మూడు రోజుల లోపు ముగించేవారికి అర్థం ఒంటబట్టదని కూడా అన్నారు. తడబడుతూ, కష్టపడి చదివేవారికి రెండింతల పుణ్యమని హదీసుల్లో ఉంది. కొంచెమే అయినా విడవకుండా చేసేది అల్లాహ్‌కి ఎక్కువ ఇష్టమనీ ఉంది. పక్కింటి పిన్నిగారు రామకోటి రాసుకుంటారు. ఎన్నో పుస్తకంలో ఉన్నారని అడిగితే "చెయ్యి ఆడినంత రాస్తున్నానమ్మా" అంటారు. నాకు ఆ జవాబు నచ్చుతుంది.

అలాగని ఫోన్‌ని తీసిపారేయక్కర్లేదు. చూపు మందగించిన అత్తమ్మకి అక్షరం పెద్దది చేసి ఇవ్వచ్చు. పాలిచ్చే తల్లి చీకట్లో బిడ్డ లేవకుండా రెండు పేజీలు చదువుకోవచ్చు. ఎక్కడ ఆపామో అది గుర్తుంచుకుంటుంది. వెనకటికి ముస్‌హఫ్‌లో పెట్టుకున్న నెమలీక చేసిన పని అదే. నెమలీక ఎప్పుడూ మన వరస తెగిందని చెప్పలేదు కదా.

నేను చేసేది చెబుతాను. వరస చూపించే అంకెని, గుర్తుచేసే మోతల్ని ఆపేశాను. ముగింపు తేదీ పెట్టను. మన దగ్గరి ముద్రణల్లో పేజీకి 13 వరసలున్నవి ఎక్కువ, వాటి పేజీ అంకె యాప్‌తో కలవదు. అందుకని పారా, రుకూ రాసుకుంటాను. రుకూ ముగిసినచోట అంచున "ఐన్" అక్షరం ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. నా లెక్క నా ఫోన్లోనే ఉంటుంది, ఏ గ్రూపుకీ పోదు.

మీ ఇంట్లో కొత్త కోడలో, ఎదిగిన కూతురో ఉంటే "ఎన్ని పారాలయ్యాయి?" అని అడగకండి. "నువ్వు వెళ్ళి చదువుకో, ఈ పొయ్యి దగ్గర నేనుంటాను" అనండి. ఏ యాప్ చేయలేని సాయం అది.