నల్లబట్టలవాడు

మా మేనకోడలికి ఎనిమిదేళ్లు. ఏ మంత్రగాళ్ల సినిమా పెట్టినా ఐదు నిమిషాల్లో దొంగను పట్టేస్తుంది. "మామయ్యా, ఆ నల్లబట్టలవాడే విలన్!" ఇంతవరకూ గురి తప్పలేదు. అందులో దాని తెలివి కొంతే, మిగతాదంతా కథలు అల్లేవాళ్ల బద్ధకం.

మొన్న ఆదివారం 'మాయాబజార్' పెట్టాను. ఎస్వీ రంగారావు మీసం, గద, ఆ నవ్వు చూడగానే "వీడే" అని తేల్చేసింది. కాసేపటికి ఆ రాక్షసుడే శశిరేఖ వేషంలో లక్ష్మణకుమారుణ్ణి పెళ్లిపీటల మీద ఏడిపిస్తుంటే పడీపడీ నవ్వింది. వెనకుండి తతంగమంతా నడిపిస్తున్నదెవరు? నల్లనయ్య. నలుపంటే చెడు అనే లెక్క 1957 నాటి మన సినిమాలోనే చెల్లలేదు.

ఈ బద్ధకానికి ఉంగరం కథ రాసిన టోల్కీన్‌ని మాత్రం పాపం, అనను. అగ్నిపర్వతం దాకా ఉంగరం మోసుకెళ్లిన ఫ్రోడో, తీరా అంచున నిలబడి 'ఇది నాది' అనేస్తాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ ఘట్టం వదిలేసి ఆ కథలోని నల్లగుర్రాలను మాత్రం పట్టుకుపోయారు.

పట్టుకోవాల్సినదాన్ని పట్టుకున్నది ఉర్సులా లె గ్విన్. 1968లో వచ్చిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో గెడ్ మేకలు కాసుకుంటూ పెరిగిన కుర్రాడు. మంత్రవిద్య బాగా వచ్చు, పొగరు అంతకన్నా ఎక్కువ. తోటి విద్యార్థి దగ్గర గొప్ప చూపించుకోబోయి, ఎప్పుడో చచ్చిపోయిన ఒకామెను పిలుస్తాడు. ఆమె వెనకే ఒక నల్లటి నీడ దూకి అతని ముఖం చీరేస్తుంది. ఆ లోకంలో దేన్ని లొంగదీయాలన్నా దాని అసలు పేరు తెలియాలి. దీనికేమో పేరే లేదు. దీవి నుంచి దీవికి పారిపోతాడు. పాత గురువు మాట విన్నాక వెనుదిరిగి తనే దాన్ని తరుముతాడు. భూమి జాడలేని తూర్పు సముద్రంలో అతనూ ఆ నీడా ఎదురుపడతారు. రెండు గొంతుల్లో ఒకేసారి ఒకటే పేరు: గెడ్.

నేను మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

రంగు గురించే ఇంకోమాట. గెడ్‌ది రాగి ఛాయ అని లె గ్విన్ రాసింది. 2004లో టీవీకి తీసినవాళ్లు ఆ వేషం తెల్లవాడికిచ్చారు. వాళ్లు చేసింది తప్పని ఆమె పత్రికకెక్కి మరీ చెప్పింది.